పీరు చేపలు

మగ్గం ఆగిపోతే సాలెవాడు ఎందుకూ పనికిరాడు. ఆ ఏడు ఎండాకాలం నుంచి వానాకాలం దాకా నా బతుకు అలాగే గడిచింది. పట్నం నుంచి నూలు రావడం లేదు. వచ్చే కాస్త నూలునూ తొవ్వలో ఎవరో ఒకరు దించుకునేవారు. ఒకరోజు రజాకార్లు, ఇంకోరోజు రజాకార్ల పేరు చెప్పుకున్న దొంగలు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే తొక్కడానికి పైన పడుగు లేదు. లేచి వాకిట్లోకి వస్తే అక్కడా పని లేదు. మళ్లీ లోపలికి.

"కాలుగాలిన పిల్లి లెక్క ఎందుకు తిరుగుతున్నవు? జర ఒక్క జాగల కూసో," అనేది నా పెండ్లాం నర్సింగమ్మ.

ఆమెకేం, ఆమెకు పని ఉంది. పొద్దున ఇంటి పని కాగానే ఎదురింటి అరుగు మీదికి పోయి లాడ్లీ బేగం పక్కన కూర్చునేది. చేతిలో నాలుగు సైకిలు పుల్లలు. చక్రం నుంచి ఊడదీసి, రాయి మీద నూరి మొనలు తీసినవి. ఆ నాలుగు పుల్లల మధ్య గుండ్రంగా దారం అల్లుతూ పోతే జానెడు చేప తయారయ్యేది.

ఈ చేపల సంగతి చెప్పాలి. మా ఊళ్లో పీర్ల పండుగ సాయిబులది ఒక్కటే కాదు, అందరిదీ. పెద్ద పీరును ఎత్తేది కురుమ బీరన్న. వాళ్ల నాయిన ఎత్తేవాడు, వాళ్ల తాత ఎత్తేవాడు. పీరు మెడలో కొత్త చేపల దండ పడితేనే అది సావిడి నుంచి లేచేది. నీళ్లు దొరకక చనిపోయిన వాళ్ల పండుగ కదా, చేపలు ముందు నడిస్తే నీళ్లు వెనక నడిచి వస్తాయని మావాళ్ల నమ్మకం. మా ఎర్ర నేలల్లో నీళ్ల కంటే పెద్ద దేవుడు ఎవరున్నారు? పండుగ చివరి రోజు చేపలను వాగులో వదిలేస్తారు. అందుకే ఏ ఏటి చేపలు ఆ ఏడు కొత్తగా అల్లాల్సిందే. వాటికి దారం కొనకూడదు. రుమాళ్లు నేసి పడుగు కోశాక మగ్గం మీద మూరెడు మూరెడు పోగులు మిగులుతాయి, ఎర్రవి, నల్లవి, తెల్లవి. ప్రతి సాలె ఇంటివాళ్లూ వాటిని కుండలో దాచి లాడ్లీ బేగానికి ఇస్తారు. ఆమె మా నూలుకు రంగు వేసే ఇంటి మనిషి. మొగుడు పోయి చాలా ఏండ్లయింది. కొడుకు అహ్మద్ అలీ రంగు పనీ, పీర్ల సావిడీ రెండూ చూసుకునేవాడు. చేపలు మాత్రం ఆమె చేతివే. ఎర్ర చేప మీద తెల్ల పొలుసులు, నల్ల చేప మీద ఎర్ర పొలుసులు.

నర్సింగమ్మకు పిల్లలు లేరు. లాడ్లీ బేగానికి కూతుళ్లు లేరు. అలా కుదిరింది ఇద్దరికీ.

"గట్ల గుంజకు బిడ్డా! గిది మగ్గం కాదు," అని కసిరేది ముసలామె.

"పోగు వదులుంటే తప్పు గదా అమ్మీ."

"మీ నేతల తప్పు. నా చేపల గదే పానం. ముందర ఎర్రది కనపడుతుంటే తెల్లది వెనకనుంచి నడుస్తది. వెనక నడిచేదాన్ని వదులుగ నడువనియ్యాలె. గుంజితే ముందరిది ముడుచుకపోతది. పొట్టల దూది పట్టది. ఎండుచేప అయితది."

"మంచిగైతది. పులుసు పెట్టుకుంటం."

"పెట్టుకో, నీ మొగనికే పొయ్యి. నూలు లేక ఎట్లున్నడో చూడు, ఎండుచేప లెక్కనే ఉన్నడు."

ఇద్దరూ నన్ను చూసి నవ్వేవారు. నేను లోపలికి పోయేవాణ్ని.

పుట్టుకతోనే సాలె చెయ్యి బిగువు కోరుతుంది. నర్సింగమ్మ చెయ్యి ఆ వదులు పట్టుకోవడానికి ఆ ఎండాకాలమంతా పట్టింది. పట్టాక మాత్రం ముసలామె చేపకూ ఆమె చేపకూ తేడా చెప్పడం నా తరం కాలేదు.

అహ్మద్ అలీకి ఆ ఏడే రజాకార్లు ఖాకీ చొక్కా ఇచ్చారు. తానే అడిగి వేసుకున్నాడో, మెడ మీద చెయ్యి పెట్టి వేయించారో నాకు తెలియదు. ఒకరోజు మధ్యాహ్నం రజాకార్లు లారీలో దిగి, నిజాం మీద తిరగబడ్డ సంఘం వాళ్లెవరో చెప్పమని ఇల్లిల్లూ తిరిగారు. మా అన్న భీమయ్య మగ్గం మీద ఊరు మొత్తానికి మిగిలిన ఒకే ఒక్క పడుగు ఉంది. దాన్ని అడ్డంగా కోశారు. అన్నను బజారులోకి ఈడ్చి బెల్టుతో కొట్టారు. అన్నకు సంఘంతో సంబంధం లేదు, ఉన్నా చెప్పేవాడు కాదు. కొడుతున్నంతసేపు అహ్మద్ అలీ ఒక పక్కన నిలబడి, కొట్టేవాడి సైకిలు పట్టుకున్నాడు. అంతే చేశాడు. కొట్టలేదు. ఆపలేదు.

ఆ సాయంత్రం లాడ్లీ బేగం వేడిచేసిన నూనె గిన్నె కొంగులో పట్టుకుని మా గడప దగ్గరకు వచ్చింది. అన్న బోర్లా పడుకుని ఉన్నాడు.

"ఆమెను లోపటికి రానియ్యకురా," అన్నాడు.

"నూనె తెచ్చిందన్నా."

"దాని కొడుకు సైకిల్ పట్టుకున్నడు."

నేను గడప దగ్గరే గిన్నె తీసుకున్నాను. వదిన రాసింది. వీపు మీద వాతలు చాలా రోజులు మానలేదు. అన్న ఆ మాట తప్ప ఇంకోమాట అనేవాడు కాదు. సైకిల్ పట్టుకున్నడు. సైకిల్ పట్టుకున్నడు.

భాద్రపదంలో యూనియన్ పటాలం వచ్చింది. నాలుగు దినాల్లో అంతా అయిపోయిందన్నారు. మాకు అయిపోలేదు, అప్పుడే మొదలైంది. నిన్నటిదాకా గడ్డివాముల్లో దాక్కున్నవాళ్లు కర్రలు పట్టుకుని బయటికి వచ్చారు. ఎన్నడూ ఎవరికీ ఎదురు నిలబడనివాళ్లకు అందరికంటే ఎక్కువ ధైర్యం వచ్చింది. అహ్మద్ అలీ ఖాకీ చొక్కాను నల్లరంగు బానలో ముంచాడు. అది దండెం మీద ఆరకముందే వచ్చి పట్టుకున్నారు. తడి చొక్కా మెడలో వేసి, నల్లనీళ్లు ఒళ్లంతా కారుతుంటే ఊరంతా తిప్పి, పటాలం వాళ్లకు అప్పజెప్పారు. లాడ్లీ బేగం లారీ వెనక కొంతదూరం ఉరికి, తరువాత నడిచి, అలాగే నల్గొండకు పోయిందట. ఆమె ఊరి పొలిమేర దాటకముందే ఇంటి తలుపులు ఊడదీశారు. బియ్యం, బోళ్లు, మంచం, ఎవరికి దొరికింది వాళ్లు. మిగిలిన సాయిబుల ఇళ్లవాళ్లనూ అలాగే ఊరు దాటించారు. రంగు బానలు మాత్రం ఎవరికీ అక్కరకు రాలేదు.

వారం తిరగకుండా మా అన్న ఆ ఇంట్లో గుంత తవ్వి మగ్గం దించాడు.

"ఉత్తగనే పడావు పడుతది గదరా. మనింట్ల రెండు మగ్గాలకు జాగా ఏడున్నది?" అన్నాడు నాతో.

"ఆమె వస్తేనో?"

"వస్తదా? వచ్చి ఎవరి మొకం చూస్తది?"

నర్సింగమ్మ ఆ మాటలు విన్నది. అన్న మన్ను తవ్వి పోసిన కుప్పలో వెతికి సైకిలు పుల్లలు నాలుగూ ఏరుకొచ్చి చింతపండుతో తోముకుంది.

అప్పటి నుంచి నాకు ఇంట్లో కాలు నిలవలేదు. గుట్టల్లో సంఘం వాళ్లను వెతుకుతూ మిలిటరీ లారీలు తిరిగేవి. ఊళ్లో ఏ ఇంటి ముందు ఏ జెండా ఎప్పుడు లేస్తుందో తెలియదు. ఎదురింటి నుంచి అన్న మగ్గం చప్పుడు. కొత్త సర్కారు నూలు కొద్దికొద్దిగా వస్తోంది, ఆయనకే ముందు దొరికేది. రంగు వేసేవాళ్లు లేక తెల్ల తువాలలు నేసేవాడు. ఆ చప్పుడు వినలేక చేను దాకా పోయేవాణ్ని. చేనులోనూ వినిపిస్తున్నట్టే ఉండేది.

ఒక మధ్యాహ్నం ఇంట్లోకి వచ్చేసరికి నర్సింగమ్మ వడ్ల గుమ్మి వెనక కూర్చుని ఉంది. ఒళ్లో పోగుల కుండ. చేతిలో ఎర్ర చేప, తెల్ల పొలుసులు, పొట్ట నిండుగా, ఎక్కడా ముడత లేదు.

"గిది నువ్వల్లిందేనా?"

"లేకుంటే వాగుల పట్టుకొచ్చిన్నా?"

చేత్తో పట్టి చూశాను. ఆమె నా చేతిలోంచి తీసుకుని, దూది లాగేసి, తోక దగ్గర పోగు పట్టి గుంజింది. చేప సరసర విడిపోయి దారమైంది.

"అరె, ఎందుకు ఇప్పినవే?"

"చెయ్యి మర్చిపోవద్దని అల్లిన. ఎవరి కంటనన్న పడుతదని ఇప్పిన."

"పడితే ఏమైతది?"

"నాకు వస్తదని తెలిస్తే ఇగ ఆమెతోని వీళ్లకు పనేమున్నది?" అని దారం ఉండచుట్టుకుంది.

దీపావళి అయింది. నెలపొడుపు దగ్గరపడింది. ఈ ఊరికి సిగ్గులేదని అప్పుడు తెలిసింది నాకు. సాయిబులను వెళ్లగొట్టినవాళ్లే పీర్ల సావిడి ముందు కూర్చుని పండుగ ఎట్లా అని మంతనాలు పెట్టారు. బీరన్న అందరికంటే కంగారుపడుతున్నాడు. ఆయన చేసిన పాపమేమీ లేదు, చేసినవాళ్లను ఆపనూ లేదు.

"ఫాతెహా చదివేటందుకు చిట్యాల నుంచి ఒక ముసలి సాబును పిలుస్త. నిప్పుల గుండం తోడిపిస్త. గని చేపలెవరు అల్లుతరు?" అన్నాడు.

"చేపలు లేకుంటే ఏమాయె? నాలుగు కుచ్చులు గట్టు," అన్నాడొకడు.

"నువ్వెత్తుతవా? ఎత్తు. చేపలు లేని పీరును ముట్టుకునుడు నాతోని కాదు. వచ్చే యేడు చెర్వు ఎండితే మీరందరు నా కొట్టం మీదికే గదా వస్తరు!"

"ఇగ ముసల్దాన్నే పిలిపియ్యాలె మరి. నల్గొండల దర్గాకాడ ఉన్నదట," అన్నాడు ఇంకొకడు.

మా అన్న లేచి నిలబడ్డాడు. "దాన్నెందుకు పిలుచుడు? మా మర్దలికి వస్తది. ఎండాకాలమంత దాని పక్కనే కూసోని నేర్చుకున్నది."

అందరూ నా వైపు తిరిగారు. నేను తువాల దులిపి భుజం మీద వేసుకున్నాను.

మరునాడు పొద్దున బీరన్న, ఇద్దరు పెద్దమనుషులు, అన్న మా అరుగు మీదికి వచ్చారు. నర్సింగమ్మ తలనిండా కొంగు కప్పుకుని గడప లోపల కూర్చుంది. నాలుగు పుల్లలు, ఎర్ర ఉండ, తెల్ల ఉండ. మగవాళ్లు చుట్టలు ముట్టించారు. ఆమె అల్లుతోంది. ప్రతి పోగునూ బిగించి గుంజుతోంది, మగ్గం మీద పడుగును బిగించినట్టు. తోక అయ్యేసరికే తెలిసిపోయింది. చేప సగానికి సగం ముడుచుకుపోయి, పొలుసులు ఒకదాని మీదికొకటి ఎక్కి, ముసలాడి బుగ్గలా తయారైంది.

బీరన్న దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఎత్తాడు. "గిదేందమ్మ? చేపనా, ఎండిన కాకరకాయనా?"

"నాకు గిట్లనే వస్తది మామా. సాలోల్ల చెయ్యి. పోగు కనపడితే గుంజబుద్ధయితది."

"ఇంకొకటి అల్లు, జర పైలంగ."

ఇంకొకటి అల్లింది. దానికి నోరు కూడా తెరుచుకోలేదు.

"కావాలని చెడగొడుతాంది," అన్నాడు అన్న.

"కావాలని చెడగొట్టుకుంటే నాకేమొస్తది బావా?" అన్నది లోపల నుంచి.

బీరన్న నా వైపు చూశాడు. "ఏం పర్వతాలు? నీ పెండ్లాం గద, నీకు ఎర్కలేదా? పీరు ముచ్చట, అబద్ధమాడకు. వస్తదా, రాదా?"

అన్న అటువైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద అంగీ లేదు. వీపు మీద వాతలు తెల్లగా మానుతున్నాయి. నాకు ఊహ తెలిసిన నాటి నుంచి నన్ను మగ్గం మీద కూర్చోబెట్టింది ఆయనే, నాలుగో జమాతులో బడి మాన్పించిందీ ఆయనే. ఆ వీపు వైపే చూస్తూ చెప్పాను.

"రాదు."

నర్సింగమ్మ దారం తెంపి, పుల్లలు కట్టకట్టి పక్కన పెట్టింది.

బీరన్న బండి కట్టాడు. తోడు నేను పోయాను. నల్గొండలో గుట్ట కింద దర్గా ఉంది. దాని వసారాలో ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆడవాళ్లు, పిల్లలు, మూటలు. లాడ్లీ బేగం ఒక స్తంభానికి ఆనుకుని ఎవరి పిల్లకో తల దువ్వుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు.

"పండుగ పదిదినాలు ఉండి పో అమ్మీ. నీ పానానికి నాది పూచీ. మళ్ల నేనే తోలుకొచ్చి ఈడనే దించుత," అన్నాడు బీరన్న.

"నా కొడుకు జైలుల ఉన్నడు. వారానికొకపారి దూరం నుంచి మొకం చూపిస్తున్నరు. ఇడిచిపెట్టి మీ పండుగకు రావాల్నా?"

బీరన్న నన్ను చూశాడు. ఆమె కూడా నా వైపే తిరిగింది.

"నా ఇంట్ల ఎవరున్నరు పర్వతాలు?"

"మా అన్న."

"మగ్గం గుంత ఏడ తవ్విండు? బానల కాడనా?"

"కాదు. నడిమింట్ల."

"అయితే బానలున్నయన్నట్టు," అన్నది. మళ్లీ పిల్ల తలలో దువ్వెన పెట్టింది.

బీరన్న ఎడ్లకు గడ్డి వేయాలని అటు పోయాడు. పోతూ పోతూ మొలలో దోపుకున్న, ముడుచుకుపోయిన చేప తీసి ఆమె ఒళ్లో వేశాడు. "పీరుకు గిది గట్టాల్నా, నువ్వే చెప్పు," అన్నాడు.

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. నోటి దగ్గర వేలు పెట్టి లోపలి వైపు బయటికి తిప్పింది. వెనక నడిచిన పోగులను ఒక్కొక్కటి గోటితో మీటి చూసింది. అన్నీ ఒకే బిగువు. రాని చెయ్యి ఒకచోట గుంజుతుంది, ఒకచోట వదులుతుంది. ఇలా మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరుగా చెడగొట్టడం వచ్చిన చేతికే సాధ్యం.

"నర్సింగమ్మ అల్లిందా?"

"ఆ."

"అందరి ముంగట?"

"అందరి ముంగటనే. రాదని నేను గూడ చెప్పిన."

"మీ అన్న ముంగటనా?"

"ఆ."

ఆమె పిల్లకు జడ వేసి, చివర ముడివేసి, వీపు మీద తట్టి పంపింది. తరువాత స్తంభం పట్టుకుని లేచింది. "నా మూట అందుకో బేటా," అన్నది.

బండి మా వీధిలోకి వచ్చేసరికి అన్న మగ్గం ఆడుతోంది. లాడ్లీ బేగం దిగి, తన ఇంట్లోకి పోకుండా, తన అరుగు మీదే వచ్చిపోయే మనిషిలా ఓ కొసన కూర్చుంది. వీధి వీధంతా తలుపుల్లోంచి చూస్తోంది. నర్సింగమ్మ చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది.

"భీమయ్యా, ఇల్లు ఖాళీ చెయ్యి," అన్నాడు బీరన్న.

"పదిదినాల కోసం మగ్గం పీకాల్నా?"

"పీరు చేపలు బజార్ల కూసోని అల్లుతదా? ఎత్తేది నేను. గట్లయితే పీరు నాకు లేవదు."

అన్న పడుగు చుట్టాడు. మగ్గం కర్రలు విప్పాడు. నేను సాయం పట్టబోతే నా చెయ్యి పక్కకు తోశాడు. చివరి కర్ర భుజాన వేసుకుని నా ముందు ఆగాడు.

"నీ పెండ్లానికి రాదా?"

"రాదన్నా."

"నా మొకం చూసి చెప్పు."

చూశాను. "రాదు," అన్నాను.

"మంచిది," అన్నాడు.

మరునాటి నుంచి మా వాకిట్లో మట్టి తొక్కించాడు. ఇంటి నడిమధ్య గోడ లేచింది. పొయ్యి అటుపోయింది, బావి వైపు తలుపు అటుపోయింది. వదిన గోడ అవతలి నుంచి ఒకసారి, "ఇంత ఉప్పు ఉంటే ఇయ్యి నర్సింగా," అని పిలిచి, మళ్లీ తానే వద్దని చెప్పింది.

పండుగ జరిగింది. కొత్త చేపలు మెడలో ఊగుతుంటే బీరన్న గుండం చుట్టూ చిందులేశాడు. వెళ్లగొట్టినవాళ్లంతా పీరుకు పెట్టిన మలీద ముద్దలు తిన్నారు. మా అన్న సావిడి దిక్కుకు రాలేదు. చివరి రోజు చేపలు వాగులో కొట్టుకుపోయాయి. తెల్లారి బీరన్న మాట ప్రకారం లాడ్లీ బేగం ఇంటి ముందు బండి నిలిపాడు. ఆమె పొయ్యి రాజేసి బానలో నీళ్లు కాగబెడుతోంది.

"ఎక్కు అమ్మీ. పదిదినాలు అంటిమి గద."

"నువ్వన్నవు బీరన్నా. నేనన్ననా?"

బీరన్న ఎడ్లను విప్పాడు. ఊరి పెద్దలు రెండు మూడు రోజులు గొణిగారు. కానీ నూలు రావడం మొదలైంది, రుమాళ్లకు గిరాకీ ఉంది, చుట్టుపక్కల ఆ ఎరుపు వేసే చెయ్యి ఇంకొకటి లేదు. ఊరికి మంచి బుద్ధి పుట్టిందని నేను రాయను. రంగు కావలసి వచ్చింది, అంతే. అహ్మద్ అలీ జైలు నుంచి బయటపడ్డాక పట్నంలో ఉండిపోయాడు, ఊళ్లో మళ్లీ కాలు పెట్టలేదు. ఆమె మాత్రం పోలేదు.

మా అన్న నూలు వదిన చేత పంపేవాడు. మాఘంలో వదినకు జ్వరం వచ్చింది. నేను లాడ్లీ బేగం గడపలో కూర్చుని ఉన్నాను. అన్న నూలు చిలపలు భుజాన వేసుకుని తానే వచ్చాడు. గోడ లేచిన నాటి నుంచి ఆయనకూ నాకూ మాటల్లేవు.

"ఎరుపు జర చిక్కగ పడాలె అమ్మీ. పోయినపారి పేలగ పడ్డది," అన్నాడు ఆమెతో.

"నా ఎరుపు పేలగ పడుతదా? నీ నూలే తడిసొచ్చింది."

"సరే తియ్యి, నీతోని మాట్లాడితే గెలుస్తనా!"

"కోపానికొస్తవెందుకు? లోపటికి రా. రంగు నీ కండ్లతోని చూసుకో."

ఆయన పెదవుల మీద నవ్వు లాంటిది ఉంది. అది నా దాకా వస్తుందని చూశాను. గడప నిండా నేనే ఉన్నాను, నన్ను పలకరించకుండా దాటడానికి తొవ్వ లేదు. ఆయన నా తల మీదుగా ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

ఆమె మా ఇద్దరినీ చూసింది. కర్రతో బానలో ఒకసారి కలిపింది.

"పర్వతాలు, జర జరుగు బేటా," అన్నది. "మీ అన్నకు తొవ్వ ఇయ్యి."

నేను కాళ్లు ముడుచుకున్నాను. ఆయన నన్ను దాటి లోపలికి పోయాడు.